మల్లప్ప మిద్దె మీది టవరు

మల్లప్పకు మూడో బిడ్డ పుట్టిన సంగతి రామ్‌కిషన్‌కు పేడాల డబ్బాతోనే తెలిసింది. పొద్దున్నే మల్లప్ప తల్లి మహాదేవమ్మ, నుదుటి మీద విభూతి ఇంకా తడిగా ఉండగానే వచ్చి గడప దగ్గర నిలబడింది.

“ఏం కిషనూ, నోరు తెరువు. మగపిల్లగాడు. మా మల్లడు ఇగ చాలంటున్నడు గని, దేవుడు ఇంటడా?”

నవ్వుతూ ఒక పేడా రామ్‌కిషన్ చేతిలో పెట్టింది. ఇంకొకటి అతని భార్య ప్రణీత చేతిలో పెట్టి, ఆమె చెంప నిమిరి, గొంతు తగ్గించింది. “నువ్వు ఫికర్ జెయ్యకు బిడ్డా. ఝరాసంగం గుడికి పోయి సామికి మొగలిపువ్వు పెట్టొద్దాం. ఆయన ఇయ్యాలనుకుంటే ఎంతసేపు?”

ఆమె మంచి మనసుతోనే అన్నది. పేడా కూడా తీయగానే ఉంది. అయినా రామ్‌కిషన్ సగం కొరికి మిగతాది గూట్లో పెట్టేశాడు.

మల్లప్పా అతనూ జహీరాబాద్‌లో ఒకే గల్లీలో పుట్టి ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. మల్లప్ప ఎనిమిదో తరగతిలో ఆగిపోయి తండ్రి నడిపే పిండి గిర్ని పట్టుకున్నాడు. రామ్‌కిషన్ డిగ్రీ దాకా చదివి చక్కెర ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మ్యాన్ అయ్యాడు. ఇద్దరి పెళ్ళిళ్ళూ ఒకే ఏడు జరిగాయి. రామ్‌కిషన్‌దే రెండు నెలలు ముందు. ఇప్పటికి ఎనిమిదేళ్ళు. అక్కడ ముగ్గురు, ఇక్కడ ఎవరూ లేరు. పక్కనే ఉన్న మల్లప్ప ఇంట్లో కింద గిర్ని, పైన కాపురం, దానిపైన మిద్దె మీద ఆరేళ్ళ కింద వేసిన, నెలనెలా కిరాయి తెచ్చే సెల్ టవరు. పొద్దున లేచి తలుపు తీస్తే రామ్‌కిషన్‌కు మొదట కనబడేది ఆ టవరే.

ఒకరి మంచికి ఏడవకూడదని రామ్‌కిషన్‌కు తెలియక కాదు. అతనిది రోజూ దీపం పెట్టే ఇల్లు. కానీ ఈర్ష్య పిండిలో పడ్డ పురుగు లాంటిది. ఉన్న సంగతి జల్లెడ పట్టేదాకా ఎవరికీ తెలియదు.

వారం తర్వాత న్యాల్‌కల్ దగ్గర ఒక చెరుకు తోట గట్టు మీద కూర్చున్నప్పుడు ఫీల్డ్‌మ్యాన్ల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన చేతులు ఊపుతూ చెబుతున్నాడు. ఫోన్ల నుంచి వచ్చే తరంగాల వల్ల మగవాళ్ళలో బిడ్డలను కనే శక్తి తగ్గుతోందనీ, ఫోను ప్యాంటు జేబులో పెట్టుకోకూడదనీ ఆయన మాట. రామ్‌కిషన్ దాన్ని మూడుసార్లు చూశాడు. వీడియోలో ఆయన చెప్పింది జేబు గురించి. రామ్‌కిషన్ చెవికి ఎక్కింది మాత్రం మిద్దె మీది టవరు.

ఆ మాటతో అతనికి ఎన్నడూ లేనంత తేలికగా అనిపించింది. తప్పు తనది కాదు, ప్రణీతదీ కాదు, దేవుడిది అంతకన్నా కాదు. మల్లప్పది. పక్కింట్లో ముగ్గురు పిల్లలు ఆడుకుంటూ ఉంటే తన ఇల్లు బోసిపోవడానికి కారణం ఆ పక్కిల్లే. టవరు వచ్చి ఆరేళ్ళే అయిందన్నది అతని లెక్కలోకే రాలేదు. ఎనిమిదేళ్ళుగా మనసులో ఉన్న మంటకు ఒక చిరునామా దొరికింది.

సాయంత్రం బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే సర్వర్ అనే అతని దుకాణానికి పోయాడు.

“సర్వర్ భాయ్, టవర్ తరంగాలు ఎంత దూరం కొడ్తయ్?”

“నీకు సిగ్నల్ ఉన్నంత దూరం. ఏం, సిగ్నల్ రాట్లేదా?”

“గది గాదు భాయ్. మొగోళ్ళకు పిల్లలు కాకుండ జేస్తయంట.”

సర్వర్ కంటికి పెట్టుకున్న అద్దం తీసి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. “మరి మల్లప్ప సంగతేంది? ఆయన మంచంకెల్లి టవర్ దాక పదిహేను మెట్లు. ముగ్గురు పోరగాళ్ళు! నన్ను జూడు. ఇరవై ఏండ్ల సంది నూరు ఫోన్ల నడుమ కూసున్న. నలుగురు, మాషా అల్లా.”

“దీపం కింద చీకటుంటది భాయ్. కిందున్నోనికి తగలదు. పక్కింటోనికి తగుల్తది.”

“వారెవ్వా! వకీలు గావాల్సినోనివి, చెరుకులల్ల తిరుగుతున్నవ్.” సర్వర్ నవ్వి మళ్ళీ పనిలోకి వంగాడు. “గని నీ రెండు జేబులల్ల గవేంది?”

“ఒకటి ఇంటి ఫోను, ఒకటి ఫ్యాక్టరీది.”

“అచ్ఛా,” అన్నాడు సర్వర్. అద్దం మళ్ళీ కంటికి పెట్టుకున్నాడు.

రామ్‌కిషన్‌కు నోటి మాటలతో తృప్తి కలగదు. అతని ఉద్యోగమే లెక్క. చెరుకు ముచ్చెలు, అంటే విత్తనపు ముక్కలు, నాటిన నెలన్నరకు తోటలోకి దిగి, సాలు వెంబడి అడుగులు కొలిచి, ఎన్ని మొలిచాయి, ఎక్కడ ఖాళీ పడింది అని నోట్‌బుక్కులో రాయడం అతనికి పదేళ్ళ అలవాటు. గల్లీని కూడా అలాగే సర్వే చేయాలనుకున్నాడు. టవరు నుంచి ఇల్లు ఎన్ని అడుగులు, టవరు వచ్చాక ఆ ఇంట్లో పుట్టిన పిల్లలు ఎందరు. ఖాళీలు బయటపడితే టవరు సంగతి తేలిపోతుంది.

ఆదివారం నోట్‌బుక్కు పట్టుకుని బయలుదేరాడు. మూడో ఇంటి ఇందిరమ్మ వాకిట్లో చాట పట్టుకుని కూర్చుని ఉంది.

“పోలియో చుక్కలోళ్ళ పని నువ్వెప్పటిసంది వట్టినవ్ కిషనూ?”

“ఊకెనే పెద్దమ్మా. గల్లీ పిల్లల లెక్క రాస్తున్న.”

“రాసుకో మరి. ఆరేండ్లల ఇద్దరు. మనుమడు, మనుమరాలు. చిన్న కోడలుకు ఐదో నెల. గది గూడ రాస్తవా, పుట్టినంక వస్తవా?”

పక్కనున్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఈలోగా మనుమరాలు వచ్చి రామ్‌కిషన్ పెన్ను లాక్కుంది.

ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. ఒక ఇంట్లో కవలలు. ఒక ఇంట్లో వద్దనుకుంటుండగానే పుట్టిన పిల్ల. ఒకాయన అయితే, “ఇగ చాలురా అయ్యా అంటే ఆగుతలేరు” అని నెత్తి కొట్టుకున్నాడు. ఆ మాటకు రామ్‌కిషన్‌కు ఆయన నెత్తి మీద తనే ఒకటి కొట్టాలనిపించింది. పోయిన చోటల్లా ఎవరో ఒక పసివాడు అతని చంకలోకి ఎక్కాడు. దిగేటప్పుడు చొక్కా మీద పాలవాసన మిగిలింది. మధ్యాహ్నానికి ఇరవైమూడు ఇళ్ళు అయ్యాయి. ఇరవైతొమ్మిది మంది పిల్లలు. ఇంత మంచి మొలక అతను కోహీర్ నల్లరేగడిలో కూడా చూడలేదు. సాలు మొత్తంలో ఖాళీ ఒక్కటే. అది తన ఇల్లు.

మొలక రాని చోట రైతులు పక్క చేనును తిడుతుంటే, “ముందు నీ ముచ్చెను తవ్వి చూడరాదు” అని అతనే గద్దిస్తాడు. ఆ మాట ఆ రోజు అతనికి గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పక్కకు నెట్టాడో చెప్పలేం. నోట్‌బుక్కు మూసి బీరువాలో పెట్టాడు. తెల్లకాగితం తీసి, టవరు వల్ల గల్లీ జనం ఆరోగ్యాలు పాడవుతున్నాయని, దాన్ని తీయించాలని మున్సిపల్ ఆఫీసుకు దరఖాస్తు రాశాడు. తన సర్వేలోని ఒక్క అంకె కూడా అందులో రాయలేదు.

సంతకాలు సులువుగానే దొరికాయి. ఒకరు తలనొప్పి అన్నారు. ఒకరు పిచ్చుకలు కనబడటం లేదన్నారు. ఇందిరమ్మ, “గిర్ని దుమ్ముకు నా బట్టలన్ని తెల్లగైతున్నయ్, గది గూడ రాయి” అని వేలిముద్ర వేసింది. మూడు రోజుల్లో పదకొండు అయ్యాయి.

బుధవారం సాయంత్రం మల్లప్పే ఇంటికి వచ్చాడు. కనుబొమ్మల మీద పిండి అలాగే ఉంది.

“ఏంరా కిషన్, నా మిద్దె మీద దరఖాస్తు రాసినవంట. ఊరందరికి జూపెట్టినవ్, నాకు జూపెట్టకపోతివి.”

రామ్‌కిషన్ కాగితం ఇచ్చాడు. మల్లప్ప దాన్ని వేలు పెట్టి మెల్లగా చదివాడు. 

“ఇది తలనొప్పి గురించి గాదు గదరా. ఆదివారం ఇంటింటికి పోయి పిల్లల లెక్క రాసినవంట. పిల్లల గురించి. అవునా?”

“అవును.”

“నిజంగ దీంతోటేనా?”

“డాక్టర్ జెప్పిండు.”

“నిన్ను జూసి జెప్పిండా, ఫోన్ల జెప్పిండా?”

రామ్‌కిషన్ చూపు టవరు వైపు తిప్పాడు. మల్లప్ప అతని జేబులోంచి పెన్ను తీసుకుని పన్నెండో సంతకం పెట్టాడు. “టవర్ కంపెనీ అగ్రిమెంటు ఈ నెలతోని అయిపోతది. ఎల్లుండి శుక్రవారం వాళ్ళ మనిషి వస్తడు. మళ్ళ సంతకం పెట్టనని చెప్త. నీకు ఒక్క బిడ్డ కంటె నాకు గా ఇనుము ఎక్కువనా?”

అంతే. లేచి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ ప్రణీతకు, “పొయ్యొస్త చెల్లే” అని కూడా చెప్పాడు.

కొట్టబోయిన చేతిలో పండు పెట్టినట్టయింది రామ్‌కిషన్‌కు. కావలసింది దొరికింది కదా, సంతోషం ఏదీ? పైగా మంట ఇంకా పెరిగింది. పిల్లలూ వాడికే, ఇల్లూ వాడికే, చివరికి ఇంత మంచితనం కూడా వాడికే ఎందుకిచ్చావు స్వామీ అని లోపల కుమిలిపోయాడు.

ప్రణీత జొన్నరొట్టె పెనం మీద వేసి, దానివైపే చూస్తూ అన్నది. “ఆయన అడిగిందానికి మీరు జవాబు చెప్పలే.”

“ఏం అడిగిండు?”

“డాక్టర్ నిన్ను జూసిండా అని.” రొట్టె తిప్పింది. “నన్ను నాలుగు దవాఖానలల్ల జూసిన్రు. రక్తం దీసిన్రు. గర్భంల మందు పోసి ఫోటోలు దీసిన్రు. అంత మంచిగనే ఉన్నదన్నరు. పోయినప్పుడల్ల డాక్టరమ్మ ఒక్కటే అడుగుతది, మీ ఆయనను దోల్కరాలేదా అని. మీకేమో సర్వే ఉంటది.”

“నాకేమైంది? మంచిగనే ఉన్న గద.”

“నేను గూడ మంచిగనే ఉన్న. మరి గల్లీల అందరు మొగని వంక జూస్తలేరు, నా కడుపు వంకనే జూస్తున్నరు.” ఆమె గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఎక్కువ దిగింది. “రేపు సంగారెడ్డి పోదాం. ఒక్కసారి జూపించుకోర్రి. తర్వాత టవర్ తీసుడో ఉంచుడో, మీ ఇష్టం.”

గురువారం ఇద్దరూ బస్సెక్కారు. సంగారెడ్డిలో డాక్టర్ అమర్నాథ్ పెద్ద వయసాయన. ఏ మాటైనా వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెబుతాడు. వీర్య పరీక్ష కోసం ఒక చిన్న గది చూపించి, చేతికి ఒక డబ్బీ ఇచ్చారు. రామ్‌కిషన్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే జేబులో ఫ్యాక్టరీ ఫోను మోగింది. రాయికోడ్ రైతు. “సారూ, నా తోట కోతకు ఎప్పుడొస్తరు?” అని అడుగుతున్నాడు. “జర ఆగవయ్యా, నేను పనిల ఉన్న” అన్నాడు రామ్‌కిషన్. అన్నాక తన మాటకు తనకే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నానికి కాగితం చేతికొచ్చింది. డాక్టరు దాన్ని చదివి, రామ్‌కిషన్‌ను లోపలికి తీసుకెళ్ళి పరీక్షించి, మళ్ళీ ప్రణీత పక్కన కూర్చోబెట్టాడు.

“వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉందయ్యా. ఉన్నవాటిలో కదలిక కూడా తక్కువే. ఎడమ వృషణం పక్కన నరాలు ఉబ్బి ఉన్నాయి. ఇది చాలామంది మగవాళ్ళలో ఉంటుంది. స్కానింగ్ చేసి చూద్దాం. అవసరమైతే చిన్న ఆపరేషన్. అందరికీ ఫలిస్తుందని చెప్పను, కొందరికి ఫలిస్తుంది.”

“మా పక్కింటి మీద టవరుంది సార్. దాంతోటి...”

“టవరు మీ పక్కింటి మీద ఉంది. నీ ఫోన్లు ఎక్కడున్నాయి?”

రామ్‌కిషన్ చేతులు వాటంతటవే తొడల మీదికి పోయాయి. రెండు జేబులూ ఉబ్బెత్తుగా ఉన్నాయి.

“రోజంతా అక్కడేనా?”

“పదేండ్ల సంది సార్.”

“జేబులో ఫోను పెట్టుకునేవాళ్ళకు కదలిక తగ్గిందని కొన్ని పరిశోధనల్లో వచ్చింది. తేడా ఏమీ లేదని కొన్నిట్లో వచ్చింది. ఇదే కారణమని నేను ఖాయంగా చెప్పలేను. తీసి సంచిలో పెట్టుకుంటే నష్టం లేదు కదా, పెట్టుకో. ఎండలో బండి మీద ఎన్ని గంటలు తిరుగుతావు? పొగాకు జర్దా వేస్తావా?”

“జరంత.”

“రోజుకు ఆరు పొట్లాలు సార్,” అన్నది ప్రణీత.

“అది ఈరోజే మానెయ్యి.”

రామ్‌కిషన్‌కు కావలసింది ఒకే ఒక్క దోషి. డాక్టరు నలుగురిని చూపించాడు. అందరూ తన ఒంటి మీదే ఉన్నారు. మల్లప్ప ఆ జాబితాలో ఎక్కడా లేడు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. సదాశివపేట దాటాక అతను రెండు ఫోన్లూ తీసి ఆమె ఒడిలోని సంచిలో పెట్టాడు.

“మీకు మంచిది గానిది నాకు మంచిదా?” అన్నది ఆమె.

అతను కంగారుగా సంచి లాక్కుని కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆమె కిటికీ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా, “రేపు శుక్రవారం” అని మాత్రం అన్నది.

అతనికీ తెలుసు. టవరు వల్ల కాదని మల్లప్పకు చెప్పాలి. చెప్పాలంటే, మరి దేనివల్ల అన్నది కూడా చెప్పాలి. చెప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. టవరు దిగిపోతుంది. మల్లప్ప బతుకు ఒక మెట్టు కిందికి వస్తుంది. తను ఒక్క మెట్టూ ఎక్కకపోయినా ఇద్దరి మధ్య దూరం తగ్గుతుంది. ఆ ఆలోచన ఎంత తీయగా ఉందో రామ్‌కిషన్‌కే భయం వేసింది.

శుక్రవారం పొద్దున స్నానం చేసి దీపం వెలిగించాడు. రోజూ అడిగే మాటే, నాకు ఒక బిడ్డనియ్యి తండ్రీ అని మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని అంటూ పోతుంటే, ఆ మాట చివర తోకలాగా ఇంకొకటి వచ్చింది. మల్లప్ప ముందు తక్కువ కాకుండా అని. చటుక్కున కళ్ళు తెరిచాడు. ఎనిమిదేళ్ళుగా తను అడుగుతున్నది ఏమిటి? ప్రణీత ఒడిలో ఒక బిడ్డనా, మల్లప్పతో సమానమా? దేవుడు కలగలిపి అడిగిన కోరికను ఏమని వినాలి? హారతి కర్పూరం దానంతటదే అయిపోయేదాకా అలాగే నిలబడి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

గిర్నిలో శుక్రవారం రద్దీ. జొన్నల డబ్బాలు పెట్టుకుని ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గోడవారగా నిలబడ్డారు. కంపెనీ మనిషి హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, ఫైలు చేత్తో పట్టుకుని ఒక బస్తా మీద కూర్చున్నాడు. బెల్టు తిరిగే చప్పుడుకు చెవులు దిమ్మెక్కుతున్నాయి. మల్లప్ప గిర్ని గరాటులో గింజలు పోస్తున్నాడు.

“మల్లూ! టవర్ ఉండనియ్యి!”

“ఆఁ?”

“టవర్‌తోటి గాదురా!”

మల్లప్ప చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపాడు. వినబడలేదు. మెల్లగా చెవిలో చెప్పి పోదామని వచ్చిన మనిషి ఇప్పుడు అరవాల్సి వచ్చింది. రామ్‌కిషన్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అదే క్షణాన మల్లప్ప చెయ్యి చాచి స్విచ్చి ఆపేశాడు.

“లోపం నాదేరా! పరీక్షల తేలింది!”

ఆగిపోయిన గిర్నిలో ఆ మాట గోడగోడకూ తగిలింది. బెల్టు ఇంకో రెండు చుట్లు తిరిగి నిలిచింది. గాలిలోని పిండి మెల్లగా దిగుతూ ఉంది. కంపెనీ మనిషి ఫైలులో లేనిదేదో వెతకసాగాడు. ఆడవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు.

రామ్‌కిషన్‌కు చెవులు కాలిపోతున్నాయి. అయినా మొదలుపెట్టినవాడు ఆగలేదు. “నా జేబుల ఫోన్లో, జర్దానో, ఎండనో, నరమో. ఏదో ఒకటి. ఖాయంగ డాక్టర్‌కు గూడ తెల్వదు. గని నీ టవర్ గాదు. ప్రణీతది అసలే గాదు. ఆమెను ఇగ ఎవరు ఏమనొద్దు.”

గిర్ని ఎందుకాగిందో అనుకుంటూ మహాదేవమ్మ పసివాణ్ణి ఎత్తుకుని మెట్లు దిగింది. డబ్బా పట్టుకుని నిలబడ్డ ఇందిరమ్మ ఆమెకు సంగతంతా రెండు ముక్కల్లో చెప్పేసింది.

“మొగోడు లోపం నాదే అన్నడా?” మహాదేవమ్మ నోరు తెరిచింది. “డెబ్బయేండ్లొచ్చినయ్, ఈ మాట ఇనుడు నాకిదే మొదలు. మా కాలంల అయితే ఇంగో పెండ్లి జేసుకునేటోళ్ళు గని లోపం ఒప్పుకునేటోళ్ళు గాదు.”

“గా దవాఖాన ఏడున్నదన్నా?” అని గోడవార నుంచి ఒక సన్నటి గొంతు అడిగింది. పక్క గల్లీ కోడలు. తల వంచుకునే అడిగింది. “మా తమ్మునికి ఐదేండ్లాయె. అందరు వాని పెండ్లాన్నే తిప్పుతున్నరు.”

రామ్‌కిషన్ చెప్పాడు. ఆమె మనసులో పెట్టుకుంటున్నట్టు రెండుసార్లు పెదవులు కదిపింది.

మల్లప్ప చేతులు దులుపుకుని కంపెనీ మనిషి దగ్గరికి పోయాడు. “ఏడ పెట్టాలె సార్ సంతకం?” పెట్టేసి రామ్‌కిషన్ వైపు తిరిగాడు. “ఆపరేషన్ అంటే గా రోజు చెప్పు. గిర్ని బంద్ పెట్టి వస్త.”

“నువ్వెందుకురా?”

“బయట బెంచి మీద కూసునెటందుకు ఒకడు గావాలె గద.”

రామ్‌కిషన్ ఏదో అనబోయే లోపల మహాదేవమ్మ పసివాణ్ణి అతని చేతుల్లో పెట్టింది. “వట్టుకో. ఆదివారం వీణ్ణి తొట్టెలల ఏస్తున్నం. పొద్దుగాల్నే ప్రణీతను పంపియ్యి, మొదలు ఊపేది ఆమెనే.” పిల్లలు లేని ఆడదాన్ని తొట్టెల దగ్గరికి రానిచ్చే అలవాటు ఆ గల్లీలో లేదు. ఇందిరమ్మ కళ్ళెత్తి చూసింది. మహాదేవమ్మ కూడా ఆమెను అలాగే చూసింది. ఇందిరమ్మ తన జొన్నల డబ్బా మూత సరిచేసుకుంది.

పసివాడు వెచ్చగా, బరువు లేకుండా ఉన్నాడు. రామ్‌కిషన్ లోపల అదే పాత ముల్లు మళ్ళీ కదిలింది. ఇంత జరిగాక కూడా అది పోలేదు. దాచుకోవడం అతనికి ఇక చేతకాలేదు.

“మల్లూ, నిన్ను జూస్తే నాకు ఇంగ గూడ కుళ్ళుగనే ఉన్నదిరా.”

“ఉండనియ్యి,” అన్నాడు మల్లప్ప. “వీడు పుట్టినకాడికెల్లి నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు ఎనిమిదేండ్ల సంది మంచిగ గుర్రుపెట్టి పండుకుంటున్నవని నాకు గూడ నీ మీద కుళ్ళే.”

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. మల్లప్ప స్విచ్చి వేశాడు. గిర్ని చప్పుడుకు పసివాడు ఉలిక్కిపడి ఏడుపు లంకించుకున్నాడు. ఆ హోరులో నోరు తెరుచుకోవడమే కనబడుతోంది తప్ప గొంతు వినబడటం లేదు. రామ్‌కిషన్ వాణ్ణి భుజాన వేసుకుని, వీపు మీద తడుతూ, చప్పుడు లేని చోటు వెతుక్కుంటూ గల్లీలోకి నడిచాడు.